మహర్షి దేవేంద్రనాథుని విశ్వాసచరిత్రము

దేవుడున్నాడని నమ్మువారు కొందఱు, ఉన్నాడో లేడో యని సంశయించువారు కొందఱు, లేడని త్రోసిపుచ్చువారు కొందఱు. ఈ మూడు తెగలవారును ఒకరి నొకరు మూఢులనియో దుష్టులనియో తలచుచుండుట మనము నిత్యము చూచుచున్నాము. నమ్మువాడు సంశయించువానిని పాపి యనును. సంశయించువాడు నమ్మువానిని అంధుడనును. అయితే నమ్ముట, సంశయించుట, త్రోసిపుచ్చుట యను నీ మూడు పనులును ఒక్క మనుష్యుని జీవితములోనే సత్యాన్వేషణములో భాగములు కావచ్చునని తెలియుటకు మహర్షి దేవేంద్రనాథ ఠాకూరు గారి చరిత్రముకంటె తగిన నిదర్శనము మాకు కానరాదు. ఆయన కుమారుడైన రవీంద్రనాథుని పేరు లోకమెల్ల నెఱుగును. తండ్రి మనస్సు పడిన పాట్లు మాత్రము అంతగా తెలియవు. కావున వానిని ఇచ్చట సంగ్రహముగా చెప్పుచున్నాము.

దేవేంద్రనాథుడు 1817 వ సంవత్సరము మే నెల 15 వ తేదీని కలకత్తా నగరములోని జోడాసాంకోలో జన్మించెను. తండ్రి ద్వారకానాథ ఠాకూరు. ఐశ్వర్యమునకును, వర్తకమునకును, దాతృత్వమునకును ఆ కాలపు వంగదేశములో పేరుపొందినవాడు; రాజా రామమోహనరాయల వారికి పరమమిత్రుడు. రామమోహనుడు విగ్రహారాధనమును ఎంత ఖండించినను, ద్వారకానాథుని యింట దుర్గాపూజ యథాప్రకారము జరుగుచునే యుండెను. ఒక యేట ఆ యుత్సవమునకు రామమోహనుని పిలిచి రమ్మని బాలుడైన దేవేంద్రనాథుని పంపిరి. అట్టి పూజకు తన్ను కూడ పిలుచుట యేమని ఆయన ఆశ్చర్యపడి, తన కుమారుడైన రాధాప్రసాదుని యొద్దకు పొమ్మనెను. ఆ మాటలోని భావము బాలునికి అప్పుడు తెలియలేదు, పెరిగినపిమ్మట తెలిసెను.

బాలుని పెంచినది పితామహియైన అలకాసుందరి. ఆమె పరమభక్తురాలు, వేకువనే గంగాస్నానమాచరించి, తన చేతులతో పూలదండలు గ్రుచ్చి సాలగ్రామమున కర్పించెడిది. దేవేంద్రనాథుడు ఆమె చెఱగు పట్టుకొని పెరిగెను. పాఠశాలకు పోవుదారిలో ఠంఠనియా యొద్ద సిద్ధేశ్వరీదేవికి మ్రొక్కి, పరీక్షలో గట్టెక్కించుమని వేడుకొనెడివాడు. లోకములో నూటికి తొంబదిమంది విశ్వాసము ఇట్టిదే. అది తల్లి యొడిలో పుట్టి, అలవాటుచే పెరిగి, భయముచేతను కోరికచేతను నిలుచును. దానిని నిందింపనక్కఱలేదు, కాని అది మన సొంతమని భావింపరాదు. పెద్దలిచ్చిన సొమ్మువలె అది చేతికి వచ్చినదే గాని ఆర్జించినది గాదు.

1835 వ సంవత్సరమున, దేవేంద్రనాథునికి 18 ఏండ్ల వయస్సున, అలకాసుందరికి అవసానకాలము సమీపించెను. ఆచారము చొప్పున ఆమెను గంగాతీరమునకు గొనిపోయి యొక పాకలో నుంచిరి. అచ్చట ఆమె మూడు రాత్రులు జీవించెను. మరణమునకు ముందటి రాత్రి మనుమడు నిమతలా రేవు చెంత ఒక ముతక చాపపై కూర్చుండియుండెను. చంద్రుడు ఉదయించుచుండెను, దాపుననే శ్మశానము, ఆమె యొద్ద నామసంకీర్తనము జరుగుచు, ఆ ధ్వని గాలివెంట వినవచ్చుచుండెను. అంతలో ఆయన మనస్సులో అంతకుమున్నెన్నడు నెఱుగని యానందము పొంగెను. ఐశ్వర్యమంతయు రోతగా తోచెను. తాను కూర్చున్న చాపయే తనకు తగినదనిపించెను. ఏ శాస్త్రమును చదివి దానిని సంపాదింపలేదు. ఏ గురువును ఉపదేశింపలేదు. అయినను దానిని అనుభవించినవానికి అది అబద్ధమని తోచుట అసాధ్యము. విశ్వాసమునకు గల కారణములలో ఇది యొకటి. తర్కముచే దానిని పుట్టింపలేము. ఇతరులకు నిరూపించి చూపను లేము.

అయితే ఆ యానందము నిలువలేదు. పితామహి పోయినపిమ్మట దానిని మరల పొందగోరి ఎంత వెదకినను అది చిక్కలేదు. దుఃఖము మాత్రము మిగిలెను. ఆయన తన్ను తాను కల్పవృక్షమని చాటుకొని, తన గదిలోని చిత్తరువులను, అద్దములను, ఇతర వస్తువులను అడిగినవారికి పంచిపెట్టెను. అందువలనను శాంతి కలుగలేదు. గంగ కావలియొడ్డుననున్న వృక్షశాస్త్రపు తోటకు ఒంటరిగా పోయి, అచ్చటి యొక సమాధిపై కూర్చుండెడివాడు. మధ్యాహ్నపు టెండయు ఆయన కంటికి నల్లగా కనబడెనట. చదువరులలో ఆప్తులను పోగొట్టుకొన్నవారికి ఈ స్థితి తెలియకపోదు. సంశయమనునది అహంకారముచే మాత్రమే పుట్టునని చెప్పువారు దీనిని గమనింపవలెను. దేవేంద్రనాథుని సంశయము దేవుని ధిక్కరించుటవలన గాక, ఒకమాఱు కనబడినది మరల కనబడకపోవుటవలన పుట్టినది.

ఆయన ఒకవైపున సంస్కృతమును, మఱియొకవైపున ఐరోపీయ తత్త్వజ్ఞుల గ్రంథములను చదువసాగెను. ఆ గ్రంథములలో ప్రకృతియే సర్వాధికారిణి. అగ్ని కాల్చును, నీరు ముంచును. వానికి దయ లేదు, న్యాయము లేదు. మనుష్యుడు వానికి దాసుడు. ఈ సిద్ధాంతము ఆయనను భయపెట్టెను గాని తృప్తిపఱుపలేదు. ఆలోచింపగా ఆలోచింపగా ఒక విషయము తోచెను. వస్తువును చూచునప్పుడు వస్తువుతోపాటు, చూచుచున్న నేనును ఉన్నానని తెలియుచున్నది. కావున జగత్తులో జడమే గాక జ్ఞాతయు గలడు. సూర్యచంద్రుల నియమమును, శిశువు పుట్టకమునుపే తల్లి చన్నులలో పాలు సిద్ధమగుటయు చూచి, వీనిని ఏర్పఱిచిన జ్ఞానవంతుడొకడు గలడని నిశ్చయించుకొనెను. అనంతమైన యాకాశమును సృజించినవానికి చేతులును కాళ్లును గల రూపముండజాలదని కూడ తలంచెను.

ఈ నిశ్చయము కలిగినవెంటనే మొదట త్రోసిపుచ్చినది తన యింటి దేవతలనే. తమ్ములను కూడగట్టుకొని, ఇకమీదట ఏ విగ్రహమునకును నమస్కరింపరాదని యొక కట్టుబాటు చేసికొనెను. సంధ్యవేళ హారతి సమయమున తండ్రి పూజామందిరమునకు వచ్చినప్పుడు, ఆయన గౌరవము కొఱకు అన్నదమ్ములందఱు పోయి నిలువబడెడివారు. అందఱును సాష్టాంగపడునప్పుడు వీరు మాత్రము నిలిచియే యుండెడివారు. ఆ సందడిలో ఎవ్వరును దానిని గమనింపలేదు. ఇరుగుపొరుగువారి దృష్టిలో నాడు ఆయన నాస్తికుడే. దేవునియందు నమ్మిక కుదిరినందుననే ఆయన నాస్తికుడనిపించుకొనవలసివచ్చుట విచారింపదగిన విషయము.

ఆ దినములలో ఒకనాడు ఏదో సంస్కృతగ్రంథము నుండి చినిగిన పుట యొకటి గాలికి ఎగిరిపోవుట ఆయన కంటబడెను. తీసి చూడగా అర్థము తెలియలేదు. ఇంటి పండితుడును చెప్పజాలకపోయెను. రామమోహనుని బ్రహ్మసభలో ఆచార్యుడుగా నుండిన రామచంద్ర విద్యావాగీశుని పిలిపింపగా, అది ఈశావాస్యోపనిషత్తులోని దని చెప్పి, జగత్తంతయు ఈశ్వరునిచే వ్యాపింపబడినదనియు, ఆయన ఇచ్చినదానిని అనుభవించి పరధనమును కోరకుండవలెననియు గల దాని తాత్పర్యమును వివరించెను. తాను ఒంటరిగా వెదకి కనుగొన్నదానికే పూర్వులు సాక్ష్యమిచ్చుచున్నట్లు ఆయనకు తోచెను. ఆ యుత్సాహముతో 1839 వ సంవత్సరము అక్టోబరు 6 వ తేదీని పదిమందితో తత్త్వబోధినీసభను స్థాపించెను. రామమోహనుడు 1833 లో బ్రిస్టలులో మరణించినపిమ్మట క్షీణించియున్న బ్రహ్మసమాజమును 1842 లో తన చేతికి తీసికొనెను. అచ్చట శూద్రులు వినకుండ వేదమును వేఱొక గదిలో పఠించుచుండిరి. ఆచార్యుడొకడు రామావతారమును గుఱించి యుపన్యసించుచుండెను. ఏకేశ్వరోపాసనకై యేర్పడిన మందిరములో ఈ రెండును తగవని ఆయన వానిని మాన్పించి, వేదపఠనము అందఱును వినునట్లు చేసెను. 1843 వ సంవత్సరము డిసెంబరు 21 వ తేదీని ఇరువదిమంది మిత్రులతో విద్యావాగీశుని యెదుట బ్రాహ్మధర్మ ప్రతిజ్ఞను స్వీకరించెను.

ఇక్కడనుండి ఆయన చరిత్రములో మఱియొకరు ప్రవేశించుచున్నారు. అదే సంవత్సరమున ఆరంభమైన తత్త్వబోధినీ పత్రికకు సంపాదకుని కొఱకు దేవేంద్రనాథుడు పలువుర వ్యాసములను పరీక్షించి, అక్షయకుమార దత్తుని ఎన్నుకొనెను. 1820 లో పుట్టిన అక్షయకుమారుడు బీదవాడు. గణితము, భూగోళము, ప్రకృతిశాస్త్రము లనిన ప్రాణము. దేవేంద్రనాథుడు మనుష్యునికిని ఈశ్వరునికిని గల సంబంధమును వెదకుచుండగా, ఈయన మనుష్యునికిని బాహ్యవస్తువులకును గల సంబంధమును వెదకుచుండెను. తమ యిద్దరికి నడుమనున్న దూరము మిక్కుటమైనదని దేవేంద్రనాథుడే తన స్వీయచరిత్రమున ఒప్పుకొనెను. అయినను పండ్రెండేండ్లు, 1855 వఱకు, ఆ పత్రిక అక్షయకుమారుని చేతిలోనే యుండెను.

ఈ యిద్దఱికిని ముఖ్యముగా వివాదము వచ్చినది వేదములను గుఱించి. క్రైస్తవ మతబోధకుడైన అలెగ్జాండరు డఫ్ వేదాంతమును దూషింపగా, బ్రాహ్మలు వేదము ఈశ్వరదత్తమని వాదించి యెదిరించిరి. అక్షయకుమారుడు ఆ వాదమున కొడంబడలేదు. ఈశ్వరుని శాస్త్రము ఏదైన నున్నచో అది ప్రకృతియే యని ఆయన మతము. దేవేంద్రనాథుడు ప్రతిపక్షిని అధికారబలముచే నోరు మూయింపక, విచారణ చేయింపదలచెను. వేదములను నేర్చి రమ్మని నలుగురు విద్యార్థులను కాశికి పంపెను. 1847 లో తానును కాశికి పోయెను. విచారించినకొలది, ఉపనిషత్తులలోనే జీవుడును బ్రహ్మమును ఒకటే యను వాక్యములు కొన్ని, తన హృదయమున కొప్పని పునర్జన్మవర్ణనలు కొన్ని కనబడెను. పూజింపబడువాడును పూజించువాడును ఒకటే యైనచో పూజ యెవరికి? తుదకు 1850 ప్రాంతమున, వేదము తప్పులేనిదను సిద్ధాంతమును ఆయన విడిచిపెట్టెను. జ్ఞానముచే వెలుగొందిన నిర్మలహృదయమే ధర్మమునకు ఆధారమని నిర్ణయించెను. ఎగిరివచ్చిన ఉపనిషత్పత్రమును శిరసావహించినవానికి ఈ పని ఎంత కష్టమైయుండునో ఊహింపుడు. ఈ మధ్యకాలమున, 1848 లో, ఉపనిషత్తులనుండి తన హృదయమునకు నచ్చినవానిని ఏర్చి బ్రాహ్మధర్మమను గ్రంథమును మూడు గంటలలో చెప్పెను. చెప్పుచుండగా వ్రాసికొన్నవాడు సంశయవాదియగు అక్షయకుమారుడే.

విశ్వాసము నిజమైనదో కాదో పరీక్షించు సమయమును ఆ కాలముననే వచ్చెను. ద్వారకానాథుడు 1846 వ సంవత్సరము ఆగస్టు 1 వ తేదీని లండనులో మరణించెను. విగ్రహము గల శ్రాద్ధకర్మమును చేయనని దేవేంద్రనాథుడు నిరాకరించుటచే బంధువులు దూరమైరి. 1848 ప్రారంభమున తండ్రి స్థాపించిన కార్ ఠాకూర్ కంపెనీ దివాలా తీసెను. ఆయన వ్రాసిన లెక్క ప్రకారము అప్పు కోటి రూపాయలు, రావలసినది డెబ్బదిలక్షలు. ద్వారకానాథుడు 1840 లోనే ఆస్తిలో కొంతభాగమును ట్రస్టుదస్తావేజుచే భద్రపఱిచియుండెను. దానిని తాకుటకు ఋణదాతలకు చట్టమున నధికారము లేదు. ఆ మాటనే వారితో చెప్పిరి. అట్టి సమయమున దేవేంద్రనాథుడును, తమ్ముడు గిరీంద్రనాథుడును ముందునకు వచ్చి, ట్రస్టుక్రింది యాస్తిని కూడ అప్పునకు అప్పగించెదమనిరి. కొందఱు ఋణదాతలు కంట నీరు పెట్టిరట. వారు ఆస్తిని నిర్వహణకు తీసికొని, కుటుంబపోషణమునకు ఏటికి 25,000 రూపాయలిచ్చుట కంగీకరించిరి. క్రమముగా అప్పంతయు తీఱెను. తండ్రి యొక ధర్మసంఘమునకు వాగ్దానము చేసి చెల్లింపని లక్ష రూపాయలను సైతము కుమారుడు వడ్డీతో చెల్లించెను.

వ్యాజ్యములు నడపు వృత్తిలోనున్న మేము, ఇట్టి దస్తావేజుల చాటున దాగుకొన్న భక్తులను ఎందఱినో చూచియున్నాము. తెల్లవాఱి పూజచేసి, పదిగంటలకు ప్రమాణముచేసి అబద్ధమాడువారు దేవుని యునికికి ఎంత చెఱుపు చేయుచున్నారో, నాస్తికుల గ్రంథములన్నియు కలిసి అంత చేయజాలవు. యువకులు దేవుని త్రోసిపుచ్చుటకు గల కారణములలో తర్కముకంటె ఇదియే బలమైనదని మా యభిప్రాయము. పరధనమును కోరకుమని యుపనిషత్పత్రమునుండి నేర్చినవాడు ఋణదాతల సభలో దానిని ఆచరించి చూపెను. ఆ దినమున దేవునికి ఆయనకంటె మంచి సాక్షి లేడు.

ఇక అక్షయకుమారుని సంశయములు ముదురుచుండెను. కృషికుడు కష్టపడిన పంట వచ్చును. కష్టపడి ప్రార్థించినను అదే పంట వచ్చును. కావున ప్రార్థన ఫలము సున్న యని ఆయన బీజగణితరీతిని విద్యార్థులకు చూపెను. 1852 లో ఆయన నెలకొల్పిన ఆత్మీయసభలో ఈశ్వరుని లక్షణములను సభ్యులు చేతులెత్తి నిర్ణయింపసాగిరి. ఈశ్వరుడు ఆనందస్వరూపుడా కాడా యని యడిగి, ఎక్కువ చేతులు లేచినచో ఔనని తీర్మానించెడివారు. దేవేంద్రనాథుడు దీనికి మిక్కిలి నొచ్చుకొనెను. నిజము చెప్పవలెనన్న, ఈ తీర్మానము మాకును హాస్యాస్పదముగనే యున్నది. న్యాయస్థానములో ఒక సంగతి జరిగినదో లేదో సాక్ష్యమునుబట్టి తేలవలెను గాని, గదిలోనున్నవారి సంఖ్యనుబట్టి కాదు. కాని ప్రార్థనను గుఱించిన లెక్క అట్లు త్రోసివేయదగినది కాదు. పంటకొఱకును, పరీక్షకొఱకును, వ్యాజ్యములో గెలుపుకొఱకును చేయు ప్రార్థనపట్ల ఆ లెక్క సరియైనదే. సిద్ధేశ్వరిని పరీక్షఫలము వేడిన బాలుని ప్రార్థన అట్టిదే. ముప్పదిలక్షల లోటు ఎదురుగా నున్నప్పుడు సత్యమును తప్పకుండు బలము కోరువాని ప్రార్థన వేఱు. దాని ఫలము పంటలో గాక ప్రార్థించువాని నడతలో కనబడును. సంశయవాది తాలును చెఱిగివేసెను గాన, గింజ యేదో మనకు తెలియుచున్నది.

ఈ వివాదములచే విసిగి, దేవేంద్రనాథుడు 1856 లో ఇల్లు విడిచి, గంగమీదుగా కాశికిని, అచ్చటనుండి క్రమముగా సిమ్లాకును పోయి, హిమాలయములలో ధ్యానముచేయుచు నుండెను. మరల రాకూడదనియే ఆయన తలంచెను. ఒకనాడు కొండనుండి దిగు ఏఱును చూచుచుండగా ఆ తలంపు మాఱెను. కొండపై నిర్మలముగానున్న నీరు పల్లమునకు దిగి బురదయగును. అయినను దిగినప్పుడే భూమిని పండించును. తానును దిగవలెనని యంతరంగములో ఆజ్ఞ యైనట్లు తోచి, 1858 లో కలకత్తాకు తిరిగివచ్చెను.

తరువాతి చరిత్రము చదువరులు కొంత యెఱిగినదే. 1857 లో సమాజమున చేరిన కేశవచంద్ర సేనుని ఆయన కుమారునివలె ప్రేమించి, 1862 లో ఆచార్యుని చేసెను. 1864 లో కేశవుని రాకవలననే చెన్నపట్టణమున వేదసమాజము పుట్టి, బ్రాహ్మధర్మము మన దక్షిణదేశమునకు వచ్చెను. కాని యజ్ఞోపవీతము గలవారు వేదిక నెక్కవచ్చునా యనునట్టి విషయములలో గురుశిష్యులకు భేదము కలిగి, 1866 లో సమాజము చీలెను. ఆచారముల మార్పు విషయమున దేవేంద్రనాథుడు వెనుకంజ వేసెననక తప్పదు. 1873 లో రవీంద్రనాథునికి ఉపనయనము కూడ చేయించెను. ఈ విషయమున సంస్కరణవాదులము ఆయనను అనుసరింపలేము.

ఆయన సిద్ధాంతములోని లోపములను గూడ దాచుట ధర్మము కాదు. తల్లిపాలను చూచి సృష్టికర్తను ఊహించిన తర్కము, 1859 లో డార్విను గ్రంథము వెలువడినపిమ్మట మునుపటివలె నిలువజాలదు. ప్రాణుల యవయవములు క్రమపరిణామముచే ఏర్పడగలవని ప్రకృతిశాస్త్రము చూపినది. నిర్మలహృదయమే ప్రమాణమన్న సూత్రమునకు వేఱొక యపాయము గలదు: ఎవని హృదయము నిర్మలమని ఎవరు తేల్చవలెను? 1872 నాటి వివాహచట్టమును సాధించి, వధువునకు 14, వరునకు 18 ఏండ్లు నిండవలెనని పోరాడిన కేశవచంద్రుడే, 1878 లో ఆ యీడు నిండని తన కుమార్తెను, వరునకు విధించిన యీడు నిండని కూచ్‌బిహారు రాజున కిచ్చి, అది ఈశ్వరాదేశమనెను. అందుచేతనే ఆ సంవత్సరము మే నెలలో సాధారణ బ్రహ్మసమాజము వేఱుగా నేర్పడెను. హృదయము ప్రమాణమే, కాని ఇతరులు ప్రశ్నించుటకు వీలులేని హృదయము శాస్త్రముకంటెను నిరంకుశమగును. దేవేంద్రనాథుని హృదయము చెడకుండుటకు అక్షయకుమారుని ప్రశ్నలే కొంతవఱకు కాపుదల యయ్యెనని మేము తలంచుచున్నాము.

అక్షయకుమారుడు తీవ్రమైన శిరోవ్యాధితో దీర్ఘకాలము బాధపడి, క్రమముగా అజ్ఞేయవాదమునకు చేరువయై, 1886 లో మరణించెను. దేవేంద్రనాథుడు తన నలువదియొకటవ యేటివఱకు గల చరిత్రమును తానే వ్రాసియుంచి, 1905 వ సంవత్సరము జనవరి 19 వ తేదీని కలకత్తాలో దేహము చాలించెను.

చదువరులారా, ఈ చరిత్రముతో మన యిండ్లకు పని గలదు. కళాశాలనుండి వచ్చిన కుమారుడు పూజాగృహమున తల వంచనన్నప్పుడు తండ్రి కోపించును, తల్లి యేడ్చును. తుదకు కుమారుడు లోపల లేని నమ్మికను పైకి నటించుట నేర్చుకొనును. అట్లు మనము ఒక సంశయవాదిని పోగొట్టుకొని, ఒక కపటిని సంపాదించుచున్నాము. ద్వారకానాథుని యింట హారతివేళ నిలిచియుండిన యువకుని బలవంతముగా వంచియుండినచో మహర్షి యుండెడివాడు కాడేమో. అక్షయకుమారుని తొలిరోజుననే వెళ్లగొట్టియుండినచో, వేదవిచారణ జరిగియుండునా యన్నది సందేహమే. సంశయించువానిని మన పంక్తిలోనే కూర్చుండనిత్తము. దేవుడు లేడనువానిని, లేడని యేల తోచినదో యడిగి, ఓపికతో విందము. ఆ కారణము మన నడతయే యైనచో మొదట దానిని దిద్దుకొందము. దేవుడున్నాడనువానిని మాత్రము, ఋణదాతల యెదుట ఆ యన్నదమ్ములకు వచ్చిన పరీక్షనే నిత్యము తనకు తాను పెట్టుకొమ్మందము: చట్టము తన్ను విడిచిపెట్టినచోట తన విశ్వాసము తనచేత ఏమి చేయించుచున్నది?